అంకుల్ చూపించిన ఇంగ్లండు

సిడ్నీ శివారు గిరావీన్‌లో మేము అద్దెకున్న ఇంటి అంకుల్‌కి ఆస్ట్రేలియా అంటే గిట్టేది కాదు. ఈ దేశంలో డాక్టరుగా పేరు, ఇల్లు, పౌరసత్వం, పెరట్లో ఏపుగా పెరిగిన కరివేపాకు చెట్టు అన్నీ సంపాదించుకున్నాక కూడా గిట్టేది కాదు. ఇక్కడికి రాకముందు ఆయన ఇంగ్లండులో, ఉత్తరాన కొండల మధ్య ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో కొన్నేళ్ళు పనిచేశారు. ఆ కొన్నేళ్ళే అసలు జీవితం, తర్వాతదంతా సర్దుబాటు అన్నట్టు మాట్లాడేవారు. ఇక్కడి వాన వాన కాదు. ఇక్కడి గడ్డి గడ్డి కాదు. ఆంటీ అన్నేళ్ళుగా అల్లం దంచి పెట్టి ఇస్తున్న టీని కప్పు ఖాళీ అయ్యేదాకా తాగి, ఇది టీ కాదనేవారు.

నేనప్పుడు యూనివర్సిటీలో నీటి ఇంజనీరింగులో మాస్టర్స్ చేస్తున్నాను. వాళ్ళ పెరట్లో విడిగా కట్టిన చిన్న గ్రానీ ఫ్లాట్‌లో నాతోపాటు వరంగల్ నుంచి వచ్చిన ఒక నర్సింగ్ విద్యార్థిని ఉండేది. నాకన్నా చిన్నది, అక్కా అని పిలిచేది. అంకుల్ పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టినవాళ్ళు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేవాళ్ళు. నడకకు రమ్మని అడిగితే ఏ భాషలోనూ జవాబిచ్చేవాళ్ళు కాదు. దాంతో ఆయన చూపు మా మీద పడింది.

శుక్రవారం సాయంత్రం పెరటి తలుపు దగ్గర నిలబడి, "రేపు వ్యాలీకి వెళ్దామమ్మా, బూట్లు వేసుకోండి" అనేవారు. అది ఆహ్వానమో ఆజ్ఞో తేల్చుకునేలోపే వెళ్ళిపోయేవారు. అసైన్‌మెంట్ ఉందని నేను ఒకసారి తప్పించుకోబోయాను. ఇంగ్లండులో విద్యార్థులు వారమంతా చదివి శనివారం కొండలెక్కుతారని, అందుకే వాళ్ళ బుర్రలు పనిచేస్తాయని చెప్పారు. నేను పోయి బూట్లు వెతుక్కున్నాను.

వ్యాలీ అంటే కంగారూ వ్యాలీ. సిడ్నీ నుంచి దక్షిణంగా రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ముందు సీట్లో ఆంటీ, ఆమె ఒళ్ళో పులిహోర డబ్బా, కాళ్ళ దగ్గర టీ ఫ్లాస్కు. అంకుల్ మందపాటి ఉన్ని టోపీ పెట్టుకుని, మైనం పూసిన ముదురాకుపచ్చ కోటు తొడుక్కుని, చేతికర్ర వెనక సీట్లో మా ఇద్దరి మధ్య పడుకోబెట్టి కారు నడిపేవారు. గిరావీన్‌లో చెమట కారే ఎండలో ఆ టోపీతో ఆయన కారెక్కుతుంటే, ఎదురింటి గుజరాతీ పెద్దాయన మొక్కలకు నీళ్ళు పోయడం ఆపి చూసేవాడు.

ఆ లోయ అందంగా లేదని నేననను. చుట్టూ గోడ కట్టినట్టు నిట్టనిలువు కొండరాయి, మధ్యలో పచ్చిక బీళ్ళు, పాడి ఆవులు, కోట బురుజుల్లాంటి రాతి స్తంభాలున్న పాత వంతెన, దాని కింద నెమ్మదిగా పారే నది. అందమైన చోటును అందంగా ఉందనుకుని వదిలేయొచ్చు. అంకుల్ వదిలేవారు కాదు. "చూడండి, అచ్చం మా డేల్స్ లాగే లేదూ" అనేవారు, డేల్స్ అనే ఆ ఉత్తరాది లోయలు ఎలా ఉంటాయో కలలో కూడా చూడని మాతో. ఎవరో పాతకాలపు దొరలు నాటిన ఓక్ చెట్ల వరుస కనబడితే కారు ఆపేవారు. కొండంతా నిండి ఉన్న గమ్ చెట్లను, మా వైపు జామాయిల్ అంటామే, ఆ చెట్లను ఒక్కసారీ తలెత్తి చూసేవారు కాదు. కుకాబరా పిట్ట గొంతెత్తి నవ్వడం మొదలుపెడితే, సభలో ఎవరో దగ్గుతున్నట్టు, అది ఆగేదాకా మాట ఆపి నిలబడేవారు.

ఒకసారి మిట్టమధ్యాహ్నం, నది ఒడ్డున, బొద్దుగా పందిపిల్లలాంటి వాంబాట్ ఒకటి మా ముందు నుంచే గునగునా నడిచి వెళ్ళింది. నా రూమ్మేట్ గడ్డిలో మోకాళ్ళ మీద కూలబడి దాన్ని ఫోన్‌లో పట్టుకుంటూ, "అక్కా, ఇది మస్తు ముద్దుగున్నది" అని గుసగుసలాడింది. అంకుల్ మాత్రం ఇంగ్లండులో ఇలాగే బొరియల్లో ఉండే బ్యాడ్జర్ అనే చారల జంతువు గురించి, అది మనిషికి కనబడకుండా ఎంత మర్యాదగా బతుకుతుందో చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి వాంబాట్ వెళ్ళిపోయింది. కళ్ళెదుట ఉన్న జంతువును కాదని కనబడని జంతువును మెచ్చుకునే మనిషితో వాదించి ప్రయోజనం లేదని నాకు ఆ రోజే అర్థమైంది.

ఇక ఆ చుట్టుపక్కల చిన్న ఊళ్ళు. లోయ పాపం తనంతట తాను ఇంగ్లండు వేషం కట్టలేదు, ఈ ఊళ్ళు మాత్రం పని గట్టుకుని కట్టాయి. ప్రతి వీధిలోనూ లావెండరు సబ్బులు, లేసు గుడ్డలు, పింగాణీ కుక్కపిల్లలు అమ్మే కొట్లు. ప్రతి కొట్టు పక్కనా ఒక టీ రూము. అక్కడ స్కోన్ అనే పొడిపొడి పదార్థాన్ని జామూ మీగడా రాసి ఇస్తారు. నా రూమ్మేట్ మొదటిసారి కొరికి, ఇది బన్నూ కాదు బిస్కెట్టూ కాదని తేల్చి, మిగతాది రుమాల్లో చుట్టింది. అంకుల్ మాత్రం మీగడ ముందు రాయాలా జాము ముందు రాయాలా అన్న విషయం మీద, రోగికి ఆపరేషన్ గురించి వివరించినంత శ్రద్ధగా మాట్లాడేవారు.

అలాంటి ఒక టీ రూములో, కప్పులు తెచ్చిన పెద్దావిడ మీదే ఊరని ఆయన్ని అడిగింది. ఆయన నవ్వుతూ ఇంగ్లండులోని ఆ చిన్న ఊరి పేరు చెప్పారు. ఆమె కూడా నవ్వింది. కానీ కదల్లేదు. ట్రే పట్టుకుని, అసలు జవాబు ఇంకా రావాల్సి ఉన్నట్టు ఆయన మొహం వంకే చూస్తూ నిలబడింది. ఆయన చక్కెర గిన్నె దగ్గరికి లాక్కుని కలుపుకోవడం మొదలుపెట్టారు. చివరికి ఆంటీ, "విజయవాడ, ఇండియా" అంది. పెద్దావిడ సంతృప్తిగా తలాడించి వెళ్ళిపోయింది.

రిజర్వాయర్ల దగ్గర మాత్రం నాకు నోరు అదుపులో పెట్టుకోవడం కష్టమయ్యేది. లోయ పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో చిన్నది ఇంకొకటి. ఆయన ఇంగ్లండులో నడిచిన కొండల మధ్య కూడా రిజర్వాయర్లు ఉండేవట. అందుకని పైదాని గట్టు మీదికి చేరగానే టోపీ తీసి చేత్తో పట్టుకునేవారు. నీళ్ళ మీద నల్ల హంసలు తిరుగుతుండేవి. ఇంగ్లండులో హంసలు తెల్లగా ఉంటాయని, ఏదో తన వల్ల జరిగిన లోటులా మాకు సంజాయిషీ చెప్పేవారు.

నేను పుట్టింది రేపల్లె వైపు, కృష్ణా కాలువల శివారులో. పై ఊళ్ళన్నీ తడిశాక మిగిలితేనే మాకు నీళ్ళు. మా నాన్న వంతు కోసం తూము దగ్గర కాపలా పడుకున్న రోజులున్నాయి. అందుకని నీళ్ళను చూసి టోపీ తీయడం నాకు చేతకాదు, అవి ఎక్కడినుంచి వచ్చాయో ఎక్కడికి పోతాయో చూస్తాను. ఈ నీళ్ళను కరెంటు వాడకం తక్కువున్న వేళ పంపులతో కొండ మీదికి ఎక్కిస్తారని, వాడకం పెరిగినప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారని, మనం చూస్తున్నది సరస్సు కాదు, ఒక రకమైన బ్యాటరీ అని ఆయనకు చెప్పాను.

"నీ ఇంజనీరింగు కాసేపు కార్లో పెట్టి రామ్మా" అన్నారాయన.

పెట్టలేదు. కానీ మళ్ళీ చెప్పలేదు.

అసలు సంగతి ఒక చలికాలపు శనివారం జరిగింది. లోయ నిండా మంచు దిగి ఉంది, అంకుల్ మహా సంతోషంగా ఉన్నారు. ఆంటీ ఎప్పటిలాగే శాలువా కప్పుకుని కార్లోనే ఉండిపోయింది. పాత వంతెన దాటాక, కంచె పక్క నుంచి నది వైపు వెళ్ళే ఒక గడ్డిబాట అంకుల్ కంట పడింది. అది ఖచ్చితంగా పాతకాలపు కాలిబాట అని, నది వెంబడి ఆనకట్ట దాకా పోతుందని ఆయన నిర్ణయించేశారు. బాట మొదట్లో గేటు ఉంది. గేటుకు ఒక బోర్డు ఉంది.

"అంకుల్, గీడ ప్రైవేట్ అని రాసున్నది గదా" అంది నా రూమ్మేట్.

ఇంగ్లండులో రైతులు నడిచేవాళ్ళను బెదరగొట్టడానికి ఇలాంటి బోర్డులు పెడతారని, చట్టం మాత్రం ఎప్పుడూ నడిచేవాళ్ళ వైపే ఉంటుందని ఆయన చెప్పారు. అక్కడ కాలిబాట ఎవరి పొలంలోంచి పోయినా, ఎవరైనా, ఏ దేశం నుంచి వచ్చినవాడైనా దాని మీద నడవొచ్చట. లార్డు గారు కూడా ఆపలేడట. ఇది ఇంగ్లండు కాదు కదా అంకుల్ అని నేనన్నాను. చట్టం అక్కడినుంచే కదమ్మా వచ్చింది అంటూ గొళ్ళెం తీశారు. మేము లోపలికి రాగానే గేటు మళ్ళీ జాగ్రత్తగా వేసి, గేటు వేయడం నడిచేవాడి మొదటి ధర్మమని కూడా చెప్పారు. ఇతరుల పొలంలోకి దూరి ధర్మం చెప్పగలిగే నిబ్బరం అందరికీ రాదు.

బురద చీలమండల దాకా వచ్చింది. కొంతదూరం వెళ్ళేసరికి మంచులోంచి పెయ్యలు ఒక్కొక్కటే వచ్చి మా వెనక చేరాయి. మేము ఆగితే అవీ ఆగేవి, నడిస్తే నడిచేవి. ఆవుల మధ్య పెరిగినదాన్ని కాబట్టి నాకు భయం లేదు గానీ, నా రూమ్మేట్ నా చేయి గట్టిగా పట్టుకుంది. ముందు అంకుల్ కర్ర ఊపుకుంటూ, మమ్మల్ని తన ఊరికి తీసుకుపోతున్నట్టు నడుస్తున్నారు.

అప్పుడు నాలుగు చక్రాల బైకు చప్పుడు వినిపించింది. నడుపుతున్నది డెబ్బై ఏళ్ళు పైబడి ఉండే ఒకావిడ. వెనక ఒక కుక్క దర్జాగా కూర్చుని ఉంది. ఆమె మా ముందు బైకు అడ్డంగా ఆపి, అంకుల్‌ని కాదు, నన్ను అడిగింది, దారి తప్పారా అని. తప్పామని ఒప్పుకుంటే అక్కడితో అయిపోయేది. ఆమె మాకు ఆ అవకాశం మర్యాదగానే ఇచ్చింది.

అంకుల్ ముందుకొచ్చి, తన ఇంగ్లండు ఇంగ్లీషును ఇంకొంచెం బిగించి, మేము దారి తప్పలేదని, ఇది కాలిబాట అని, నడిచేవాళ్ళకు దీనిమీద హక్కుంటుందని చెప్పారు.

"ఇక్కడ అలాంటి హక్కేదీ లేదు. ఇది ఆవులు నీళ్ళకు వెళ్ళే దారి" అందామె.

ఇంగ్లండులో తాను ఏళ్ళ తరబడి ఇలాంటి దారుల్లో నడిచానని ఆయన అన్నారు. ఇంగ్లండులో ఎక్కడని ఆమె అడిగింది. ఆయన ఆ లోయ పేరు, దాని రిజర్వాయరు పేరు చెప్పారు. ఆమె బైకు ఇంజను ఆపింది. తన తండ్రిదీ అటువైపేనని, ఆ లోయ కాదు, దాని అవతలిదని చెప్పింది.

అంకుల్ మొహం వెలిగిపోయింది. మేము ఎక్కడ నిలబడ్డామో, ఎందుకు నిలబడ్డామో పూర్తిగా మరిచిపోయారు. అయితే మీ లోయలో కూడా రిజర్వాయరు ఉండాలే, గట్టు మీద రాతి బురుజులుంటాయి కదా, నేను ఒక ఆదివారం అక్కడిదాకా నడిచాను, మీరు చూశారా అని గుక్క తిప్పుకోకుండా అడిగారు.

"చూడలేదు. మా తాత ఇల్లు దాని అడుగున ఉంది" అందామె.

ఆమె ఏ ఆవేశమూ లేకుండా చెప్పింది. పట్నానికి నీళ్ళు కావాలని ఆ లోయను ముంచారట. పొలం పోయాక ఆమె తండ్రి ఓడెక్కి ఇక్కడికి వచ్చి ఈ బీడు కొన్నాడు. కొన్నేళ్ళకు ఇక్కడా ఆనకట్ట కట్టారు, కింది పొలం చెక్క అందులో పోయింది. "రెండుసార్లు నీళ్ళ కోసమని తీసుకున్నారు. ఇప్పుడు మీరు నడక కోసం వచ్చారు" అంది.

ఎవరైనా ఆ మాటకు తల దించుకుంటారు. అంకుల్, "ఎంత అందమైన చోటండీ మీ నాన్నగారిది" అన్నారు.

నేను బురదలోకి చూస్తూ నిలబడ్డాను. ఆమె ఆయన్ని కాసేపు చూసి, పక్క బీట్లో ఆంబోతు ఉందని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళమని చెప్పింది. మేము తిరిగాం. ఆమె బైకు నెమ్మదిగా నడుపుకుంటూ గేటు దాకా మా వెనకే వచ్చింది. ముందు మేము ముగ్గురం, మా వెనక పెయ్యలు, వాటి వెనక ఆమె, కుక్క. మమ్మల్నీ పెయ్యల్నీ కలిపి తోలుతున్నట్టే ఉంది. ఆమె మీద నాకు జాలి కలగాల్సింది, కలగలేదు. రెండుసార్లు పోయిన భూమి గురించి అంత బాగా చెప్పిన మనిషి, ఈ లోయ వాళ్ళ నాన్న కొనక ముందు, ఆయనకు అమ్మినవాడు కంచె వేయక ముందు, ఏ ఆదివాసులదో మాత్రం చెప్పలేదు. ఆ లెక్క ఆమె దగ్గరా లేదు, అంకుల్ ఇంగ్లండులోనూ లేదు. గేటు దగ్గర అంకుల్ టోపీ తీసి వంగారు. ఆమె అప్పటికే బైకు తిప్పేసింది.

కారెక్కాం. ఏమైందని ఆంటీ అడిగితే, పొలం గలావిడ వెళ్ళమందని నేనే చెప్పాను. కొండ దారి ఎక్కుతుండగా అంకుల్ గొంతు సవరించుకుని, మేము నెమ్మదిగా నడవడం వల్లే ఆవులు చేరాయని, ఆవులు చేరకపోతే ఆమె చూసి ఉండేది కాదని అన్నారు. నా రూమ్మేట్ కిటికీ వైపు తిరిగింది. నాకు ఆ టోపీని తీసి కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

కొండ మీది ఊళ్ళో, 'పై' అనే కూరిన రొట్టెలు అమ్మే కొట్టు దగ్గర ఆగాం. ఆయన టీ తేవడానికి వెళ్ళారు. నేను ఇక ఆపుకోలేక, ఆంటీ, అంకుల్‌కి ఇంగ్లండు అంత ఇష్టమైతే ఎందుకొచ్చేశారు అని అడిగాను. నా గొంతులో వెటకారం ఆమెకు వినబడే ఉంటుంది.

"ఆయన చెప్పేవన్నీ బయటి సంగతులే, గమనించావా" అంది ఆంటీ. "కొండ, గోడ, నీళ్ళు, దారి. ఎవరింటి లోపలిదైనా ఒక్క సంగతి చెప్పారా నీకు?"

చెప్పలేదు. అన్ని శనివారాల్లోనూ ఒక్కటీ లేదు.

"ఉన్నన్నాళ్ళూ ఒక్కరూ ఇంటికి పిలవలేదమ్మా. ఆసుపత్రిలో అందరూ బాగానే ఉండేవాళ్ళంట. ఆదివారం వస్తే క్వార్టర్స్‌లో ఈయనొక్కరే. ఆ దారుల్లో అయితే నడవడానికి ఎవరూ పిలవక్కర్లేదు కదా. పెళ్ళయ్యాక నేనొక్క చలికాలం ఉండి చూశాను. మా అన్నయ్య ఇక్కడున్నాడు, పోదాం పదండి అన్నాను."

ఇంతలో అంకుల్ కాగితపు కప్పులు రెండు చేతుల్లో బ్యాలెన్స్ చేసుకుంటూ వచ్చారు. ఆంటీ కారు తలుపు తీసి పట్టుకుంది. ఆయన ఒక గుక్క తాగి, ఇది టీ కాదన్నారు.

ఆ మధ్యాహ్నం నుంచి ఆయన మీద నాకున్న చులకన పోయిందని చెబితే అబద్ధం. అది ఆయన దగ్గర ఆగక, ఇంకా ముందుకు పోయింది. వారమంతా గుండెలు చూపించుకుని, మందులు రాయించుకుని, ఆదివారం ఒక కప్పు టీకి పిలవని ఊరి మీదికి పోయింది. గుమ్మం లోపలికి రానివ్వకుండా గోడ బయట ఒక బాట వదిలితే, దానికే జీవితాంతం కృతజ్ఞతగా ఉండేలా ఒక చదువుకున్న మనిషిని తయారుచేయగలిగిన ఆ మర్యాద ఉందే, దాన్ని నేను ఈనాటికీ క్షమించలేను.

తర్వాత కొన్ని శనివారాలు ఆయన పిలవలేదు. కారు కడుక్కున్నారు, కరివేపాకు చెట్టు కొమ్మలు కత్తిరించారు. మళ్ళీ పిలిచినప్పుడు జలపాతం దగ్గర, బాణం గుర్తులు పెట్టిన పార్కు బాటకు తీసుకెళ్ళారు. బాణం ఎటు చూపిస్తే అటే నడిచారు. ఫోటో కోసం నా రూమ్మేట్ బాట పక్కన కట్టిన గొలుసు అవతల ఒక్క అడుగు పెడితే, "వద్దమ్మా, వెనక్కి రా" అని గట్టిగా పిలిచారు. ఆ రోజంతా ఇంగ్లండు ఊసెత్తలేదు. వింటే విసుగొచ్చే మాటలే, అయినా లేకపోతే ఆ నడక ఇంకా సుదీర్ఘంగా అనిపించింది.

చివరి సెమిస్టరులో ల్యాబు పని ఎక్కువై నేను యూని పక్కన గది చూసుకున్నాను. ఖాళీ చేసే రోజు అంకుల్ నా పెట్టెలు తానే కారెక్కించి, కొత్త గదిలో దించి, కిటికీ గొళ్ళెం సరిగా పడుతుందో లేదో చూశారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు.

"ఆదివారం భోజనానికి మన ఇంటికే రావాలి. ఫోన్ చెయ్యక్కర్లేదు, పిలవలేదని అనుకోవద్దు. తలుపు తోసుకుని వచ్చెయ్యి" అన్నారు.

వెళ్ళాను. చదువు అయ్యేదాకా దాదాపు ప్రతి ఆదివారం వెళ్ళాను. నేను వెళ్ళేసరికి బల్ల దగ్గర కొత్తగా వచ్చిన విద్యార్థులు ఎవరో ఒకరు కూర్చునే ఉండేవాళ్ళు. ఆంటీ టమాటా పప్పు వడ్డించేది. ఇక్కడి టమాటాలకు ఇంగ్లండు టమాటాల పులుపు ఎందుకు లేదో అంకుల్ వాళ్ళకు వివరించేవారు. ఇంగ్లండులో టమాటాలు ఎండ చాలక గాజు గదుల్లో పండిస్తారని నాకు తెలుసు. ఒకరోజు ఉండబట్టలేక ఆ మాట చెప్పేశాను. ఆయన ఒప్పుకోలేదు.